షుగర్, బీపీకి గోలీలు లేకుండా అలవాట్లతోనే కుదురుతుందా? ముందు నాన్న రాత్రి కంచం తూకం వెయ్యండి

తమ్ముడూ, మీరు అడిగింది క్లుప్తంగా ఇది. నాన్నకు 55 ఏళ్లు, దేవరకొండ వైపు ఊరు, పత్తి, కొంచెం వరి. క్యాంపులో చూస్తే పరగడుపున షుగర్ 172, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.4, బీపీ 152/94. డాక్టర్ గోలీలు రాశారు. "ఒక్కసారి షురూ చేస్తే సచ్చేదాంక మింగుడే" అని ఎవరో అనేసరికి నాన్న కవర్ కూడా విప్పలేదు. అన్నం బంద్ చేసి జొన్న రొట్టె తింటే, పొద్దున నడిస్తే గోలీలు లేకుండా గడుస్తుందా? పొలం పని చేసే మనిషికి మళ్లీ నడక ఎందుకు? 30 ఏళ్ల మీకు ఇది రాకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?

ముందు జవాబు చెప్తా. ఆ అంకెల మీద గోలీలు మొదలుపెట్టాల్సిందే, అలవాట్లు కూడా అదే రోజు మార్చాల్సిందే. అలవాట్లు బాగా కుదిరితే గోలీల మోతాదు తగ్గుతుంది, కొందరికి పూర్తిగా ఆగుతుంది కూడా. కానీ ఆపాలా వద్దా అన్నది మూడు నెలల తర్వాత రక్తపరీక్ష చూసి డాక్టర్ చెప్పాలి. అలవాట్లలో ఏది ముందు అంటే, పొద్దున నడక కంటే ముందు రాత్రి కంచం. ఎందుకో కింద రాశాను.

నేను స్టాఫ్ నర్సును. 21 ఏళ్ల సర్వీసు. మొదటి ఏడేళ్లు పాలమూరు జిల్లాలో చేశాను, తర్వాత నల్లగొండ వైపు వచ్చాను. ఇప్పుడు నా డ్యూటీ అంతా షుగర్, బీపీ పేషెంట్లతోనే. గోలీ రాసేది డాక్టర్. ఆ గోలీ పనిచెయ్యాలంటే ఇంట్లో ఏం మారాలో పేషెంటుతో, వాళ్ల ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడేది నేను.

"సచ్చేదాంక మింగుడే" అన్న భయం గురించి ఒక మాట. 2017లో బ్రిటన్‌లో ఒక అధ్యయనం ఫలితాలు వచ్చాయి. షుగర్ వచ్చి ఆరేళ్లలోపే అయినవాళ్లను, ఇన్సులిన్ మీద లేనివాళ్లను తీసుకుని, డాక్టర్ల నిఘాలో గట్టిగా బరువు తగ్గించారు. ఏడాది తర్వాత చూస్తే వాళ్లలో 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ జబ్బు గీత కిందికి దిగింది. కాబట్టి తగ్గించుకునే దారి ఉంది, అది అబద్ధం కాదు. అయితే వాళ్లంతా బరువు ఎక్కువున్నవాళ్లు. మన రైతుల్లో చాలామంది చేతులు కాళ్లు సన్నగా ఉంటాయి, పొట్ట మాత్రం ముందుకొస్తుంది. నాన్న నడుము బొడ్డు దగ్గర టేపుతో కొలవండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే పొట్టలో కొవ్వు ఎక్కువున్నట్టే. నాన్న కొలత 90 దాటి ఉంటే తగ్గించడానికి అవకాశం ఉంది. దాటకపోయినా కింద చెప్పేవి పనికొస్తాయి, కాకపోతే గోలీ ఆగుతుందన్న ఆశ తక్కువ పెట్టుకోండి. ఈలోపు గోలీ మానేసి పరీక్ష పెట్టుకోవద్దు. 172 షుగర్ నొప్పి పెట్టదు, చప్పుడు చెయ్యదు. కళ్లనూ కిడ్నీలనూ మాత్రం లోపల లోపల తింటూనే ఉంటుంది.

రాత్రి కంచం

చింతపల్లి వైపు నుంచి ఒక పత్తి రైతు వచ్చేవాడు. గోలీలు సరిగ్గానే మింగుతాడు, స్వీట్లు ముట్టడు, ఛాయ్‌లో చక్కెర మానేశాడు. అయినా పరగడుపు షుగర్ 190కి తగ్గదు. "నేనేం తింటలేను సిస్టర్, ఉత్త బువ్వే" అనేవాడు. ఒకరోజు ఆయన భార్యను రాత్రి తినే కంచం, ఇంట్లో గంటె, ఒక గిన్నెడు అన్నం తెమ్మన్నాను. రోజూ పెట్టినట్టే పెట్టమన్నాను. ఆమె గంటె తర్వాత గంటె పెడుతూ పోయింది, మొత్తం ఎనిమిది. తూకం వేస్తే 760 గ్రాములు. వండిన అన్నంలో మూడో వంతు బియ్యం అనుకుంటే అది పావుకిలో బియ్యం. అందులో పిండి పదార్థం 200 గ్రాముల దగ్గర ఉంటుంది. అరిగాక అదంతా రక్తంలో గ్లూకోజే. ఐదు గ్రాముల చెంచాతో కొలిస్తే 40 చెంచాలు. ఆమె కంచం వైపు చూసి, "పెట్టేది నేనే, నాకే ఎరికలేదు సిస్టర్" అంది. ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టిన రేషన్ సన్నబియ్యం లెక్క తీసుకోండి. మనిషికి నెలకు 6 కిలోలు, అంటే రోజుకు 200 గ్రాములు. ఆ రైతు ఒక్క రాత్రే అంతకు మించి తింటున్నాడు. సన్నబియ్యం మంచిదే, పేదింట్లో మంచి బువ్వ ఉడుకుతోంది, నాకు సంతోషమే. కానీ దొడ్డు కంట్రోల్ బియ్యం కంటే సన్నన్నం గొంతులోకి సులువుగా పోతుంది, ఇంకో గంటె పడుతుంది. ఇది క్లినిక్‌లో నేను చూస్తున్న మాట.

రాత్రి కంచమే ఎందుకు? మన ఊళ్లలో పొద్దున ఛాయ్, ఇంత ఏదో తిని బాయి కాడికి పోతారు. మధ్యాహ్నం డబ్బాలో తెచ్చుకున్నదే తింటారు, అది ఎంత పడుతుందో అంతే. రాత్రి ఇంటికొచ్చి, స్నానం చేసి, తొమ్మిదికో పదికో కడుపునిండా తిని వెంటనే మంచమెక్కుతారు. రోజంతటిలో పెద్ద తిండి అది, దాని తర్వాత ఒంటికి పని సున్నా. తిన్న గ్లూకోజును వాడుకునే కండరాలు నిద్రపోతుంటే అది రక్తంలోనే నిలబడుతుంది. పొద్దున పరగడుపు అంకె మీద దాని దెబ్బ పడుతుంది.

ఆ ఇంట్లో ఏం చేశామంటే, ఎనిమిది గంటెలను ఒక్కసారిగా సగం చెయ్యలేదు. చేస్తే నాలుగో రోజు రాత్రి లేచి మళ్లీ తింటారు, నేను చూశాను. మొదటి రెండు వారాలు ఆరు గంటెలు. తర్వాత నాలుగు. తగ్గిన చోట కూర రెండింతలు. వారానికి నాలుగు రోజులు బొబ్బర్లో, శనగలో, పెసర్లో గుడాలు. మిగతా రోజుల్లో గుడ్డు, లేకపోతే గట్టి పప్పు. కంచంలో ముందు కూర, గుడాలు సగం తిన్నాకే అన్నం కలపాలి. పీచు, మాంసకృత్తులు ముందు కడుపులోకి పోతే అన్నం గ్లూకోజు నెమ్మదిగా రక్తంలోకి దిగుతుంది. తినే వేళ పది నుంచి ఎనిమిదికి జరిపారు. నాలుగు నెలలకు అదే గోలీలతో పరగడుపు అంకె 134కి వచ్చింది, హెచ్‌బీఏ1సీ 9.1 నుంచి 7.3కి దిగింది. అందరికీ ఇట్లే దిగుతుందని చెప్పను. ఆయన ఇంట్లో తిండి పెట్టే మనిషి కలిసి వచ్చింది కాబట్టి దిగింది. నాన్నకు ఒక్కడికి వేరుగా వండి, మిగతావాళ్లు గుట్టగా అన్నం పెట్టుకుని పక్కన కూర్చుంటే మాత్రం నెల కూడా నిలవదు.

ఇది జాగ్రత్త: షుగర్‌ను దించే గ్లిమిపిరైడ్ లాంటి గోలీలు లేదా ఇన్సులిన్ వాడేవాళ్లు అన్నం తగ్గించే ముందు డాక్టర్‌కు చెప్పాలి. తిండి తగ్గి మందు అంతే ఉంటే షుగర్ పడిపోతుంది. నాన్నకు రాసిన కవర్ మీద ఏ మందుందో ముందు చదవండి.

జొన్న రొట్టె సంగతి

అన్నం కంటే జొన్న మేలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములు, పాలిష్ పట్టిన బియ్యంలో 3 లోపే. కానీ పిండి పదార్థం బియ్యంలో 78 గ్రాములైతే జొన్నల్లో కూడా 68 దగ్గర ఉంటుంది. అంటే "రొట్టెకు షుగర్ ఉండదు" అని ఐదు పెద్ద రొట్టెలు తింటే మళ్లీ అదే కథ. పాలమూరులో పనిచేసినప్పుడు ఇది చాలా ఇళ్లలో చూశాను: రొట్టెలు తిని, కడుపు నిండలేదని పైన మళ్లీ రెండు గంటెల అన్నం, మజ్జిగ. అదనంగా తింటే రొట్టె కూడా బరువే. రెండు రొట్టెలు, నిండా ఆకుకూర పప్పు, అక్కడికి ఆపాలి. జొన్న గట్క, అంబలి కూడా మంచివే, గిన్నె సైజు చూసుకోండి. అదే సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలంది. మన కంచంలో కూర ఒక మూలకు ఉంటుంది. నేను అడిగేది ఆ మూలను సగానికి పెంచమనే.

పొలం పనికి మళ్లీ నడకా?

నాట్ల కాలంలో, పత్తి ఏరే రోజుల్లో నాన్నకు వేరే వ్యాయామం అక్కర్లేదు. ఆ కష్టం లెక్కలోకి వస్తుంది. కానీ ఆ రోజులు ఏడాదిలో ఎన్ని? దున్నుడు ట్రాక్టర్, కలుపు మందు స్ప్రే, బాయి కాడికి బండి. యాసంగి కోతలయ్యాక వానలు పడేదాకా అరుగు మీదనే. పేషెంట్లను నెలనెలా అడుగుతూ ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. ఎండాకాలంలో అంకెలు పెరిగినవాళ్లు చాలామంది "ఈ రెండు నెలలు పనిలేదు సిస్టర్" అన్నవాళ్లే.

అందుకే నేను చెప్పేది పొద్దున గంట నడక కాదు. రాత్రి తిన్నాక 15 నిమిషాలు ఊరి బజారులో నడవండి. గ్లూకోజు రక్తంలోకి వచ్చే వేళకే కాళ్ల కండరాలు పనిచేస్తే, అవి దాన్ని అక్కడికక్కడే లాక్కుంటాయి. పగలు ఇంకో రెండు విడతలు పది పది నిమిషాలు కుదిరితే వారానికి కనీసం 150 నిమిషాలన్న లెక్క దాటిపోతుంది. చీకట్లో నడవాలంటే చెప్పులు, టార్చి ఉండాలి, పాము భయం అబద్ధం కాదు.

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్లకేళ్లు తాగిన పెద్దవాళ్లకు ఈ నడక సలహా పనికిరాదు. మెడ తిరగదు, మోకాలు వంగదు. వాళ్లతో "నడవండి" అనడం తప్పు. కుర్చీలో కూర్చుని కాళ్లు చాపడం, చేతులు పైకి లేపడం, లేచి కూర్చోవడం పదిసార్లు చేయిస్తాను. తాగడానికి, వండడానికి బోరు నీళ్లు వద్దని, నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లే వాడమని చెప్తాను.

ఈ నొప్పుల నుంచే ఇంకో పెద్ద ప్రమాదం ఉంది, దాని మీద నాకు కోపం కూడా ఉంది. ఒళ్లు నొప్పులకు కవర్లో కలిపి ఇచ్చే గోలీలు. ఒక పెద్దమ్మ, 62 ఏళ్లు. మూడేళ్లు షుగర్ 140 దగ్గర నిలకడగా ఉంది. ఉన్నట్టుండి 290. తిండి మారలేదు, గోలీ మారలేదు. సంచి కుమ్మరించమంటే చిన్న కాగితం పొట్లాలు బయటపడ్డాయి. ఊళ్లో సూది వేసే ఆయన దగ్గర మోకాళ్ల నొప్పికి రోజూ రెండు పూటలా తెచ్చుకుంటోంది. డాక్టర్ చూస్తే అందులో ఒకటి స్టెరాయిడ్, ఒకటి డైక్లోఫెనాక్. స్టెరాయిడ్ షుగర్‌ను పెంచుతుంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు రోజూ మింగితే బీపీ పెరుగుతుంది, షుగర్, బీపీ ఉన్నవాళ్ల కిడ్నీలను ఇంకా తొందరగా దెబ్బతీస్తాయి. కిడ్నీలు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్షలో ఆమెకు అప్పటికే 2.1. "ఎవలూ చెప్పలే బిడ్డా, నొప్పి తగ్గుతుందని తిన్న" అంది. స్టెరాయిడ్‌ను కూడా ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లగా దించాలి, అది డాక్టర్ చూసుకున్నారు. నాన్న నడుం నొప్పికి ఏమన్నా వాడుతున్నాడా, సూదులు వేయించుకుంటున్నాడా, ఈరోజే అడగండి. ఈ ఒక్క అలవాటు ఆపితే కొన్ని ఇళ్లలో డయాలసిస్ దాకా పోకుండా ఆగుతుంది.

ఉప్పు

బీపీకి ఇది ముఖ్యం. మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా. నలుగురున్న ఇంటికి నెలకు 600 గ్రాములు చాలు. మీ ఇంట్లో కిలో ప్యాకెట్ ఎన్ని రోజులకు అయిపోతుందో అమ్మను అడగండి. తొక్కులో పోసిన ఉప్పు కూడా లెక్కలోదే. రోజూ తొక్కు, పైన పచ్చి పులుసు, దానితో అప్పడం అయితే బీపీ గోలీ ఎంత పనిచేస్తుంది? దొడ్డుప్పు, సైంధవ లవణం అని మార్చినా పెద్ద తేడా లేదు, అవీ ఉప్పే. పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పు మాత్రం కిడ్నీ పరీక్ష చేయించకుండా వాడొద్దు. నూనె మనిషికి నెలకు అర లీటరు చొప్పున కొలిచి వాడండి.

ఒక్కపొద్దు, కల్లు, బీడీ

శనివారమో సోమవారమో ఒక్కపొద్దు ఉండేవాళ్లు చాలామంది. భక్తిని నేను కాదనను. కానీ గ్లిమిపిరైడ్ మింగి పొద్దంతా తినకుండా ఉంటే చెమటలు, వణుకు, మాట తడబడడం వస్తాయి. షుగర్ 70 కిందికి పోతే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి, పెరగకపోతే మళ్లీ ఇవ్వాలి, తేరుకున్నాక ఏదన్నా తినిపించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏం పోయొద్దు, 108కి ఫోన్ చెయ్యండి. ఒక్కపొద్దు రోజు గోలీ ఎట్లా మార్చుకోవాలో డాక్టర్‌ను ముందే అడిగి రాయించుకోండి.

కల్లు, మందు కూడా ఆ గోలీలతో కలిస్తే షుగర్‌ను పడేస్తాయి. పాలమూరులో నేను చూసిన ఇంకో సంగతి: మత్తు మందు కలిపిన కల్లుకు అలవాటుపడ్డవాళ్లు రాత్రికి రాత్రి మానేస్తే చేతులు వణుకుతాయి, పిచ్చి చూపులు, ఫిట్స్ వస్తాయి. అట్లాంటివాళ్లను దవాఖానలో చేర్చి మాన్పించాలి, ఇంట్లో పంతం పట్టొద్దు. బీడీ అయితే ఈరోజే ఆపొచ్చు. షుగర్, బీపీ, బీడీ మూడూ కలిస్తే గుండెకూ కాళ్ల రక్తనాళాలకూ దెబ్బ. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356కు ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు.

కాళ్లు రోజూ చూసుకోవాలి. పత్తి కట్టె గుచ్చుకున్నా తెలియని పాదాలను నేను కడిగాను, లోపల విరిగిన ముల్లు పది రోజులుగా ఉంది, ఆయనకు నొప్పే లేదు. రాత్రి కాళ్లు కడుక్కున్నాక అరికాళ్లు అమ్మ ఒకసారి చూస్తే చాలు. చెల్కలో ఉత్తకాళ్లతో తిరగొద్దు.

ఇక మీ సంగతి

30 దాటిన ప్రతి ఒక్కరికీ ప్రభుత్వ దవాఖానలో షుగర్, బీపీ ఉచితంగా చూస్తారు, చూపించుకోండి. తండ్రికి ఉంది కాబట్టి మీకు ముప్పు ఎక్కువ. పరగడుపున 100 నుంచి 125 మధ్య వస్తే అది అంచు, 126 గానీ అంతకు పైన గానీ వస్తే జబ్బు. అంచు మీద ఉన్నవాళ్ల మీద అమెరికాలో చేసిన పరిశోధన 2002లో వచ్చింది. బరువులో 7 శాతం తగ్గించుకోవాలని, వారానికి 150 నిమిషాలు నడవాలని లక్ష్యం పెట్టుకున్నవాళ్లలో షుగర్ జబ్బు రావడం 58 శాతం తగ్గింది. షుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్ గోలీతో తగ్గింది 31 శాతమే. మన దేశంలో చెన్నై డాక్టర్లు చేసిన పరిశోధన 2006లో వచ్చింది, అందులో అలవాట్లతో తగ్గింది 28.5 శాతం. అంచు మీద అలవాటు గోలీకి ఏమాత్రం తీసిపోదు. నాన్నకు నేను గోలీ అంటున్నది ఆయన అంచు దాటి చాలా దూరం పోయాడు కాబట్టి. మీ బరువు 80 కిలోలైతే 5 నుంచి 6 కిలోలు తగ్గాలి, అంతే. హైదరాబాద్‌లో ఉద్యోగమన్నారు కదా, రాత్రి పదకొండుకు బిర్యానీ, ఒంటిగంట దాకా ఫోన్, ఆరింటికి అలారం. నిద్ర కరువైతే ఆకలీ పెరుగుతుంది, షుగరూ పెరుగుతుంది. ముందు ఆ బిర్యానీ వేళ మార్చండి.

మీరు ఈ శనివారం ఊరికి పోతున్నానన్నారు. కిరాణా షాపులో ఒక చిన్న తూకం మిషన్ అడిగి తీసుకెళ్లండి. అమ్మను నాన్నకు రోజూ పెట్టినట్టే పెట్టమనండి, ముందుగా ఏం చెప్పొద్దు. కంచం బరువు తీసేసి అన్నం ఎన్ని గ్రాములో, ఎన్ని గంటెలో, ఏ టైముకు తిన్నాడో, గోలీల కవర్ మీద పేర్లేమిటో ఇక్కడ రాయండి. అక్కడి నుంచి ఏ వారం ఎన్ని గంటెలు తగ్గించాలో, డాక్టర్‌ను ఏం అడగాలో నేను చెప్తాను.